ఓయివా బావ ఎంచుకున్న చెట్టు

మా బావ ఓయివా జోళ్లు కొనడానికి వెళ్తే దుకాణం కట్టేసే వేళయ్యేది, జోళ్లు మాత్రం ఇంటికొచ్చేవి కావు. ఒక జతకి కుట్టు వంకర. ఒకదానికి మడమ ఎత్తు. ఇంకోదాని తోలు ఏ ముసలి ఆవుదోనని అనుమానం. చివరికి పాతవాటికే కొత్త అడుగు కుట్టించుకుని వచ్చేవాడు. మా అక్క రౌహాని పెళ్లికి అడగడానికి ముందు కూడా అంతే. మూడు చలికాలాలు గడ్డకట్టిన సరస్సు మీదుగా, కాళ్లకి కట్టుకునే పొడవాటి స్కీ చెక్కల మీద జారుతూ మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, మా నాన్నతో చేపల గురించి మాట్లాడి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయేవాడు. నాలుగో చలికాలానికి మా అమ్మకి విసుగొచ్చింది.

"అబ్బాయ్, నువ్వు కాఫీ కోసం వస్తున్నావా, పిల్ల కోసం వస్తున్నావా? కాఫీ కోసమైతే రేపట్నించి గింజలు నువ్వే తెచ్చుకో" అని మొహం మీదే అడిగేసింది.

అక్క పొయ్యి వైపు తిరిగి నవ్వాపుకోలేక అవస్థ పడింది. బావ చెవులు ఎర్రబడ్డాయి. ఆ వసంతంలోనే పెళ్లయింది. మా లెప్పాసల్మి ఊళ్లో ఈ కథ తెలియనివాళ్లు లేరు. అతను బతికున్నంతకాలం కాఫీ పోసినప్పుడల్లా ఎవరో ఒకరు "గింజలు తెచ్చావా ఓయివా?" అని ఆటపట్టించేవాళ్లు.

నా మాట అడిగితే, అక్కని ఎంచుకోవడంలో అతనేమీ పొరపాటు చెయ్యలేదు. అంత మంచిది మళ్లీ ఏదీ ఎంచుకోలేదు కూడా.

ఎంచడం అతని వృత్తికి బాగా పనికొచ్చింది. బావ స్కీలు చేసేవాడు. అతని చేతి స్కీల కోసం పొరుగున చర్చి ఉన్న పెద్ద ఊళ్లనుంచి కూడా జనం వచ్చేవాళ్లు. చలికాలంలో అడవిలోకి పోయి ఒక్కో తెల్లబెరడు భూర్జ చెట్టు దగ్గరా ఆగి, గొడ్డలి వెనకతో తట్టి, మానుకి చెవి ఆనించి, తలెత్తి కొసదాకా చూసి, "ఊహూ" అని ముందుకి పోయేవాడు. రోజంతా తిరిగి ఒక్క చెట్టు తెస్తే గొప్ప. దాన్ని చీల్చి, చూరు కింద ఏళ్లతరబడి ఆరబెట్టి, ఆవిరి పట్టించి కొన వంచి, తారు పూసేదాకా ఎవరు ఎంత తొందరపెట్టినా వినేవాడు కాదు. చెట్టుని చూస్తే మనకి చెట్టు కనిపిస్తుంది. మా బావకి అందులో ఉన్న స్కీలు కనిపించేవి. స్కీలు కనిపించకపోతే అతని దృష్టిలో అక్కడ చెట్టే లేదు.

యుద్ధం అయ్యాక సరస్సు ఒడ్డున ఏటవాలు నేల దొరికితే అక్కడ ఇల్లు కట్టాడు. కట్టేముందు అక్కడున్న చెట్లన్నీ కొట్టేశాడు. కొన్ని దూలాలయ్యాయి, కొన్ని కట్టెలయ్యాయి. ఇల్లు మాత్రం ముచ్చటగా వచ్చింది. దాని ఎదురుగా పనిపాక, ఒడ్డున ఆవిరిస్నానానికి సౌనా, వెనక కట్టెల కొట్టం. పెరడు మాత్రం గుండు కొట్టించిన తలలా ఉండేది. మా వైపు ఎంత లేనివాళ్ల ఇంటి ముందైనా ఒక చెట్టుంటుంది. పుట్టినవాళ్లని దాని కింద పడుకోబెడతారు, పోయినవాళ్లని దాని పక్కనుంచి తీసుకెళ్తారు. ఇంటికి చెట్టు లేకపోతే ఎవరో ఇంకా సామాన్లు దించుకోలేదన్నట్టుంటుంది.

అక్క వంటింటి కిటికీ ఆ బోసి పెరట్లోకి తెరుచుకునేది. తొట్టి దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతుంటే ఎదురుగా పనిపాక బూడిదరంగు గోడ తప్ప కంటికి ఆనేదేమీ లేదు. మా పుట్టింట్లో కిటికీ ముందే భూర్జ చెట్టుండేది. దాని ఆకులు ఎలుక చెవులంత అయ్యాయంటే మా అమ్మ నాటడానికి దుంపల బుట్ట బయటికి తీసేది. ఏడాదిలో సగం మంచే చూసే కళ్లకి ఆ మొదటి పచ్చదనం ఎలా ఉంటుందో చెప్పడం నావల్ల కాదు. అక్క అడిగింది అంతే. ఆ కిటికీ ముందు ఒక చెట్టు.

"అడ్డమైన చోటల్లా మొలుస్తున్నాయి. ఒడ్డునుంచి ఒకటి తవ్వి తెచ్చి పాతెయ్, ఓయివా" అంది. కొత్తింట్లోకి వచ్చిన మొదటి వేసవిలో, నా ముందే.

"అడవిలో ఉన్నదాన్ని పెరట్లోకి తెచ్చుకోవడానికి ఇల్లు కట్టాలా? అడవిలోనే ఉండేవాళ్లం" అన్నాడు బావ. "మందుల షాపాయన ఇంటి ముందుది చూశావా? చీలికల ఆకులు, కొమ్మలు కిందికి జారుతూ. చెట్టంటే అది. పెడితే అలాంటిదే పెట్టాలి."

"నాకు ఆకులు చీలక్కర్లేదు. ఆకులుంటే చాలు."

"నీకు తెలీదులే. ఒకసారి పెడితే మనం పోయాక కూడా ఉంటుందది. చూసి చూసి పెట్టాలి."

చూడటం మొదలుపెట్టాడు. నర్సరీకి వెళ్లినప్పుడు సరదాకి నేనూ వెళ్లాను. వెళ్లినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అక్కడ మొక్కలమ్మే ఆవిడ ముందు ఎంతో ఓపిగ్గా చెప్పింది. ఇది చీలికల ఆకు రకం, ఇది గొడుగులా పొట్టిగా ఉండిపోయే రకం, ఇది ఎర్రాకు రకం, కొంచెం సుకుమారం. ఏదైనా సరే దీని వేళ్లు పైపైనే పాకుతాయి, చల్లటి తడినేల కావాలి, ఎండకి మాడే మెట్ట మీద పెట్టొద్దు, మురుగు గొట్టం దగ్గర అసలే పెట్టొద్దు, వసంతంలో కొమ్మ కొడితే నీరు కారి నీరసించిపోతుంది, ఆకు పూర్తిగా విచ్చాకే కత్తి పట్టాలి. బావ ఒక్కో మొక్కనీ చుట్టూ తిరిగి చూసి, వంగి చూసి, దీని బెరడు ఎప్పుడు తెల్లబడుతుంది, దాని రెండో కొమ్మ ఎందుకు ఎడమకి పోయింది అని అడుగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి ఆవిడ ఓపిక అయిపోయింది.

"అయ్యా, ఇంకో ప్రశ్న అడిగారంటే మొక్కలు కాదు, నేను ఎండిపోతాను" అంది.

చివరికి చీలికల ఆకుది ఒకటి తెచ్చాడు. తెచ్చి ఎక్కడ పాతాడంటారు? కిటికీ ముందు కాదు. దారిన పోయేవాళ్లకి కనిపించాలని మెట్ట మీద, ఎర్రటి ఎండలో పాతాడు. ఆవిడ అంతసేపు చెప్పింది ఒక్క ముక్క తలకెక్కలేదు. అది రెండో వేసవికే ఎండి పుల్లయింది. అక్క ఆ పుల్లని పీకి, తోటలో బఠాణీ తీగకి ఊతం పెట్టుకుంది.

రెండోదాన్ని సరిగ్గా కిటికీ ముందే పెట్టాడు. అక్క ఆ వేసవంతా పాటలు పాడుకుంటూ గిన్నెలు కడిగింది. చలికాలం కుందేళ్లు బెరడు కొరక్కుండా చుట్టూ దడి కట్టాలి కదా. ఎవరైనా నాలుగు కర్రలు పాతి గోనెపట్టా చుడతారు. మా బావ దడికి పనికొచ్చే చెక్క ఎంచుతూ, చిత్రిక పడుతూ, అన్నీ ఒకే వెడల్పు వచ్చేలా కోస్తూ కూర్చున్నాడు. దడి పూర్తవకముందే మంచు పడింది. కుందేళ్లు దడి కోసం ఆగలేదు.

మూడోది ఎర్రాకు మొక్క. దాని సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. ఈసారి చోటు విషయంలో తప్పు జరగకూడదని, దాన్ని కుండీతో సహా పెరడంతా తిప్పాడు. ఇవాళ ఇక్కడ పెట్టి ఎండ చూడటం, రేపు అక్కడ పెట్టి గాలి చూడటం. నేను ఎప్పుడు వెళ్లినా చంకలో కుండీతోనే కనిపించేవాడు.

"ఏంటి బావా, పెళ్లికూతుర్ని ఊరేగిస్తున్నావా?" అని అడిగాను.

"నవ్వు, నవ్వు. వేళ్లు పాకాక మార్చలేం" అన్నాడు, చాలా సీరియస్‌గా.

వేళ్లు పాకే యోగం దానికి లేకపోయింది. కుండీలోనే పోయింది.

ఆ తర్వాత బావ మొక్కలు కొనడం మానేశాడు. సరైనది దొరికేదాకా ఏదీ పెట్టనని తీర్మానించుకున్నాడు. ఈలోపు పెరట్లో వాటంతటవే భూర్జ మొక్కలు మొలిచేవి. మా దగ్గర అవి గడ్డితో పాటే వస్తాయి. బావ పనిపాకలోంచి ఇంట్లోకి వస్తూ వస్తూ వంగి ఒక్కోదాన్నీ పీకేసేవాడు. "అది ఉండనీ" అని అక్క కిటికీలోంచి అరిచేది. "ఇదా? మొదట్లోనే వంకర తిరిగింది చూడు" అని చూపించి పారేసేవాడు. అందులో కోపం లేదు, మొండితనం కూడా లేదు. అక్కకి మంచిది ఇవ్వాలనే అతని ఆరాటమంతా. దాంతోనే నాకు ఒళ్లు మండేది.

వాళ్ల కూతురు సైమి బడిలో చేరిన ఏడు, కట్టెల కొట్టం వెనక ఒక మొక్క బావ కంట పడకుండా మొలిచింది. అక్క కంట పడింది. బట్టలుతికిన నీళ్లు దానికే పోసేది. పొయ్యిలో బూడిద దాని మొదట్లో వేసేది. చలికాలం పాత గుడ్డపీలికలు, గడ్డి చుట్టేది. నాలుగు గోనెపట్టాలు చుట్టి చూసుకునే పని బావకి చేతకాలేదు గానీ అక్కకి చిటికెలో అయ్యేది. ఏడేళ్లలో అది తిన్నగా, నిండుగా పెరిగింది. ఒకరోజు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించింది. బెరడు అప్పుడప్పుడే తెల్లబడుతోంది.

"ఈ ఏడు ఆకులు రాలాక కిటికీ ముందుకి మార్చేద్దాం. నువ్వూ మీ ఆయనా వచ్చి తవ్విపెట్టండి" అంది.

"బావకి చెప్పావా?"

"చెప్పకు. చెబితే వచ్చి చుట్టూ తిరుగుతాడు. చుట్టూ తిరిగితే ఏదో వంక దొరుకుతుంది. పాతేశాక చూస్తాడు. పాతేసినదాన్ని పీకడులే."

మా అక్క అంత సంతోషంగా గుసగుసలాడటం చిన్నప్పటి తర్వాత నేను చూడలేదు. సరే అన్నాను. ఆకులు రాలడానికి ఇంకా నాలుగు నెలలుంది. మధ్యలో నడివేసవి పండగ వచ్చింది.

నడివేసవి పండగకి ముందురోజు ఇంటి మగవాళ్లు లేత భూర్జ చెట్లు రెండు కొట్టుకొచ్చి గుమ్మానికి అటూ ఇటూ నిలబెడతారు. అవి లేకపోతే పండగ ఇంట్లోకి రాదు. రెండూ ఒకే ఎత్తుండాలి, ఒకే నిండుగా ఉండాలి. తాగుబోతులు కూడా ఆ రోజు చెట్టు చూసి కొడతారు. ఇక మా బావ సంగతి చెప్పాలా. పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకుని బయల్దేరి, అడవంతా కాళ్లరిగేలా తిరిగి, ఒకటి మాత్రం అద్భుతమైనది కొట్టాడు. దానికి జత ఎక్కడా దొరకలేదు. ఒకటి పొట్టి, ఒకటి పలచన, ఒకటి మెడ వాల్చేసింది. ఉసూరుమంటూ ఆ ఒక్కదాన్నే ఈడ్చుకుంటూ వెనకదారిన ఇంటికొస్తుంటే కట్టెల కొట్టం వెనక చెట్టు కనిపించింది.

అదే ఎత్తు. అదే నిండుదనం. చుట్టూ తిరిగి చూశాడట. తలెత్తి కొసదాకా చూశాడట. పెట్టడానికి ఒక్క వంక కూడా దొరకలేదు.

ఆ సాయంత్రం నేనూ మా ఆయనా రై పిండి రొట్టె లోపల పెట్టి కాల్చిన చేపలు పట్టుకుని పడవలో వెళ్లాం. ఒడ్డునుంచే గుమ్మం కనిపించింది. అటూ ఇటూ రెండు చెట్లు, కవలల్లా. కుడివైపుది అక్క నాకు చూపించిన చెట్టే. బావ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"రా హెల్వీ, రా! ఇన్నేళ్లకి జతంటే జత కుదిరింది. ఎక్కడ దొరికిందో తెలుసా? ఇంటి వెనకే! ఊరంతా తిరిగొచ్చాను, అది ఇక్కడ నిలబడి నన్ను చూసి నవ్వుతోంది."

నేను నోరు తెరిచాను. అక్క వెనకనుంచి వచ్చి నా చేతిలో రొట్టె అందుకుంటూ మణికట్టు గట్టిగా నొక్కింది. నొప్పెట్టేంత గట్టిగా. తల అడ్డంగా ఊపింది. పళ్లు నూరుకుంటూ కాఫీ తాగాను. వచ్చినవాళ్లందరూ జత బావుంది, జత బావుంది అన్నారు. "మా ఆయన ఎంచాడంటే ఎంచినట్టే" అంది అక్క వాళ్లతో. ఆ మాట ఎలా అనగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పండగయ్యాక ఆకులు వాడిపోతాయి, చెట్లు తీసేస్తారు. ఆ రోజు అక్కా నేనూ రేవు చెక్కల మీద మోకాళ్లేసుకుని తివాచీలు ఉతుకుతున్నాం. బావ వాడిన చెట్లని కట్టెల కొట్టం వెనక పడెయ్యడానికి ఈడ్చుకెళ్లాడు. వెళ్లినవాడు చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో గుడ్డపీలిక ఒకటి ఉంది. అక్క పాత గౌను పీలిక.

"రౌహా, కొట్టం వెనక మోడు చుట్టూ మట్టి గుల్ల చేసుంది. బూడిద వేసుంది. ఆ చెట్టుని ఎవరో పెంచారు."

"కుందేళ్లు పెంచాయి" అన్నాను. ఇక ఆగలేకపోయాను.

"నువ్వూరుకో హెల్వీ" అంది అక్క. బ్రష్ ఆపలేదు. "నేనే పెంచాను, ఓయివా."

"ఎప్పట్నించి?"

"సైమి బడికెళ్లినప్పట్నించి."

"ఎందుకు?"

"కిటికీ ముందుకి మారుద్దామని. ఆకులు రాలాక."

బావ రేవు చెక్కల మీద కూలబడ్డాడు. బూట్లు నీళ్లల్లో మునిగాయి, చూసుకోలేదు. "నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే వంక పెడతావేమో అనుకున్నాను."

"దానికి వంకేం లేదు రౌహా. అడవి మొత్తం తిరిగాను. దానంత చక్కటిది ఒక్కటి కూడా లేదు."

అక్క బ్రష్ ఆపింది. తడిచేతుల్తో నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుంది. "నీకు నచ్చుతుందో నచ్చదో అని ఏడేళ్లు భయపడ్డాను. నచ్చింది కదా. పోనీలే" అంది. అని మళ్లీ తివాచీ మీద సబ్బు రాసింది. నేనైతే ఆ తివాచీతోనే అతన్ని నాలుగు బాదేదాన్ని. అక్క గొంతులో నిజంగానే కోపం లేదు. ఆ మెత్తదనం అతన్ని ఎంత కోసిందో నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

"రేపే ఇంకోటి తెచ్చి పాతుతాను" అన్నాడు బావ.

"సరే" అంది అక్క.

మర్నాడు తెల్లారకుండానే పార పట్టుకుని అడవికి పోయాడు. సాయంత్రం ఖాళీ చేతులతో వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. ఆ శరదృతువూ, ఆ తర్వాతి వసంతమూ అంతే. ముందు చీలికల ఆకు కావాలన్నవాడికి ఇప్పుడు మామూలు చెట్టే కావాలి, కానీ తను కొట్టినదానికి ఏ విషయంలోనూ తీసిపోకూడదు. నర్సరీకి వెళ్లేవాడు, వరసల మధ్య తిరిగేవాడు, వచ్చేసేవాడు. అక్కడి ఆవిడ అతన్ని చూడగానే లోపలికి వెళ్లి కాఫీ పెట్టుకునేదట. ఇవన్నీ ఊళ్లో నవ్వుకోవడానికి పనికొచ్చాయి. నాకు మాత్రం నవ్వు రావడం మానేసింది.

"ఏదో ఒకటి తే, ఓయివా. వంకరదైనా పర్లేదు. వంకరదే తే" అని అక్క బతిమాలడం నా చెవులతో విన్నాను.

"నీ చెట్టు కొట్టేసి నీకు వంకరది ఇవ్వనా? నన్ను మనిషనుకున్నావా, పశువనుకున్నావా?" అన్నాడు.

నడివేసవి పండగకి గుమ్మం ముందు చెట్లు పెట్టడం కూడా మానేశాడు. గొడ్డలి చేతికి రావడం లేదన్నాడు. తనకి తనే శిక్ష వేసుకుంటున్నాననుకున్నాడు. ఆ శిక్ష పడింది మా అక్కకి. పండగ పూట బోసి గుమ్మంలోంచి వచ్చీపోయేవాళ్లకి సర్దిచెప్పుకోవాల్సింది ఆవిడే.

"నేను తెచ్చి పాతేస్తానే అక్కా. ఒక పూట పని" అని ఎన్నిసార్లు అన్నానో.

"వద్దు. నువ్వు పాతితే అది కనిపించినప్పుడల్లా అతను తల దించుకుంటాడు. అతనే తేవాలి. తెస్తాడులే" అనేది. ఆ "తెస్తాడులే" అనే మాట మీద మా అక్క జీవితం గడిచిపోయింది.

కాలం మారింది. దుకాణాల్లోకి ప్లాస్టిక్ స్కీలు వచ్చాయి. బావ చేతి స్కీలు అడిగేవాళ్లు తగ్గి, తర్వాత ఎవరూ రాకుండా పోయారు. చూరు కింద ఎండబెట్టిన చెక్కలు అలాగే ఉండిపోయాయి. పని లేనివాడికి అడవిలో తిరగడానికి ఇంకా తీరిక దొరికింది. పొద్దున్నే రొట్టె జేబులో పెట్టుకుని వెళ్లేవాడు. ఏం వెతుకుతున్నావని అడిగితే "చెట్టు" అనేవాడు. అడవిలో చెట్టు వెతికే మనిషిని చూసి కొత్తగా వచ్చినవాళ్లు మతి చలించిందనుకునేవాళ్లు.

అక్కకి గుండె బలహీనపడింది. చివరి చలికాలం ఎక్కువసేపు నిలబడలేక, తొట్టి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని గిన్నెలు కడిగేది. నేను కడుగుతానంటే వినేది కాదు. ఒకరోజు కిటికీలోంచి చూస్తూ, "ఆ పనిపాక గోడకి పసుపు రంగైనా వేయించమని చెప్పవే మీ బావకి. చూసి చూసి విసుగొచ్చింది" అంది.

"రంగు ఎంచడానికి అతనికి ఇంకో ఇరవయ్యేళ్లు పడుతుంది" అన్నాను.

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వీ నవ్వీ అక్కకి ఆయాసమొచ్చింది. ఆ ఏప్రిల్లో, సరస్సు మీద మంచు ఇంకా విరగకముందే అక్క పోయింది. బయట ఇంకా ఏ కొమ్మా చిగురించలేదు. బావ ఆ రోజు కూడా అడవిలోనే ఉన్నాడు. మా ఆయన వెళ్లి వెతికి తీసుకొచ్చాడు.

మళ్లీ నడివేసవి దగ్గరపడుతుండగా నేను బావని చూడటానికి వెళ్లాను. అక్క పోయినప్పట్నించీ అతనికి చెప్పాలని కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. కాఫీ పెట్టి ఇద్దరికీ పోశాను. గింజల గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు బావా. అన్నేళ్లు తిరిగావు. నచ్చిన చెట్టు ఒక్కటి కూడా దొరకలేదా?"

"దొరికింది" అన్నాడు.

"ఏంటీ?"

"మొదటి ఏడే దొరికింది. వాగు పక్కన. దానికి ఏమాత్రం తీసిపోదు. వేళ్ల చుట్టూ తవ్వాను కూడా. మళ్లీ మట్టి కప్పేసి వచ్చేశాను. ఆ తర్వాత ఇంకా చాలా దొరికాయి."

నా చేతిలో కప్పు బల్ల మీద పెట్టేశాను. "మరి ఎందుకు తేలేదయ్యా? అక్క ఎంత ఎదురుచూసిందో నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాడు. "తెచ్చి పాతితే ఇద్దరం పక్కపక్కన నిలబడి దాన్ని చూడాలి. రౌహా మొహంలోకి చూడాలి. అది నావల్ల కాలేదు, హెల్వీ. వెతుకుతున్నానంటే అడవిలోకి పోవచ్చు."

"అక్కకి నీ మీద కోపం లేదు బావా. ఒక్కరోజు కూడా లేదు."

"అదే కదా. ఒకసారైనా తిట్టుంటే తెచ్చేవాణ్ణి."

తిట్టాలని తెచ్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఏడుపొచ్చింది. అతని ముందు ఏడవడం ఇష్టం లేక లేచి, కప్పులు తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లి, నీళ్లు వదిలి కడగడం మొదలుపెట్టాను. కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడైంది. బావ లేచొచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆ ఇల్లు కట్టింది అతను. ఆ కిటికీ చట్రం చిత్రిక పట్టింది అతను. గిన్నెలు కడిగే అవసరం మాత్రం అతనికి ఎప్పుడూ రాలేదు. వంగి, గాజులోంచి బయటికి చూశాడు. ఎడమకి చూశాడు, కుడికి చూశాడు, మళ్లీ ఎదురుగా చూశాడు.

"ఇక్కణ్ణించి నా పాక గోడ తప్ప ఇంకేం కనిపించదేంటి?" అన్నాడు.

"అవును బావా" అన్నాను.